బండి ఒకటి, మాన్యువల్ ఇంకొకటి

వరంగల్ ఆటోనగర్‌లో కొత్త బండి బోనెట్ ఎత్తితే మాకు మొదట వచ్చే టెన్షన్ పానాల గురించి కాదు, ఆ బండికి సరిపోయే రిపేర్ మాన్యువల్ గురించే.

సమస్య: మాన్యువల్‌లో ఒక రంగు వైరు, బండిలో ఇంకో రంగు.
కారణం: పేరు అదే ఉన్నా లోపల బండి మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్4 పోయి బీఎస్6 అనే పొగ నియమాలు, 2023 ఏప్రిల్ నుంచి వాటి రెండో దశ వచ్చాయి. నెట్‌లో ఉచితంగా దొరికే పీడీఎఫ్ చాలాసార్లు బీఎస్4 బండిది, లేదా వేరే దేశంలో అమ్మినదానిది.
పరిష్కారం: ఆర్‌సీ చూసి 17 అక్షరాల ఛాసిస్ నంబర్, తయారైన నెల రాసుకోండి. తర్వాత ఫ్యూజ్ బాక్స్ మూత తీసి, లోపల అంటించిన పట్టికను మాన్యువల్‌లోని ఫ్యూజ్ చార్ట్ పక్కన పెట్టండి. రెండు మూడు చోట్ల ఆంపియర్లు కలవకపోతే ఆ వైరింగ్ పేజీలు నమ్మొద్దు. ఐదు నిమిషాల పని ఇది.

సమస్య: బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ కోడ్ చెప్పింది, పార్టు మార్చినా డాష్‌బోర్డులో ఇంజిన్ లైట్ పోలేదు.
కారణం: కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి, పార్టు గురించి కాదు. పైగా పీ0తో మొదలయ్యేవి అన్ని కంపెనీలకూ ఒకటే, పీ1తో మొదలయ్యేవి ఎవరివి వారివే. పక్క కంపెనీ జాబితాలో పీ1 అర్థం వెతకొద్దు.
పరిష్కారం: ఒక ఉదాహరణ చెప్తాను. నర్సంపేట వైపు నుంచి ఒక బీఎస్6 పెట్రోల్ కారు వచ్చింది. రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, కోడ్ పీ0118, అంటే ఇంజిన్ కూలెంట్ వేడి కొలిచే సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఎక్కువ. "అన్నా, మొన్ననే కొత్త సెన్సర్ ఏపిచ్చిన" అన్నాడు ఓనర్. కూలెంట్ సెన్సర్‌కు రెండే వైర్లు. కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి మీటర్ పెడితే దాదాపు 5 వోల్టులు రావాలి. సున్నా వచ్చింది. వైరు వెంబడి చేత్తో తడుముతూ పోతే బ్యాటరీ కింద ఎలుక కొరికి ఉంది. వడ్ల బస్తాల పక్కన పెట్టిన కారు మరి. మీ బండిలో వోల్టులు సరిగ్గా వస్తే కనెక్టర్‌లోని ఆ రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలిపి చూడండి. కోడ్ పీ0117కు, అంటే వోల్టేజ్ తక్కువకు, మారితే వైరింగ్ బాగున్నట్టే, సెన్సర్ పోయినట్టు. మూడు వైర్ల సెన్సర్‌కు మాత్రం ఇలా కలపొద్దు.

సమస్య: బోల్టు బిగింపు లెక్క ఒక్కో వీడియోలో ఒక్కోలా ఉంది.
కారణం: కొందరు కేజీ మీటర్లలో, కొందరు న్యూటన్ మీటర్లలో చెప్తారు. ఒక కేజీ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు.
పరిష్కారం: ఇంజిన్ పై భాగమైన హెడ్‌ను పట్టే బోల్టులకు అంచనా వద్దే వద్దు. ఆ ఇంజిన్ బిగింపు లెక్క చేతికొచ్చేదాకా హెడ్ ఎక్కించకండి.

సమస్య: కంపెనీ మాన్యువల్ బయటివారికి ఇవ్వదు.
కారణం: అది వాళ్ల అధీకృత వర్క్‌షాపుల లాగిన్‌లోనే ఉంటుంది. ఇది ఊరికే మన గోడు కాదు. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది.
పరిష్కారం: 2022 డిసెంబర్ 24న కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో ఆటోమొబైల్ విభాగం ఉంది, ముందు అందులో చూడండి. లేకపోతే ఛాసిస్ నంబర్ వేసి, కావాల్సిన పేజీ ఏదో చెప్పి, ఓనర్ పేరుతో కంపెనీకి మెయిల్ పెట్టించండి. జవాబు రాకపోతే ఓనర్‌తోనే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించి, ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి.