పజిళ్లు విప్పించడం – 4వ పాఠం: మొదటి దారిలోనే ఆగనివ్వకండి

పోయిన పాఠంలో పులి, మేక, గడ్డిమోపులను పడవలో ఏరు దాటించే కథను కాస్త మార్చి అడిగాం. పడవలో మూడింటికీ వేరువేరు బోనులున్నాయని, అన్నీ ఒకేసారి పడతాయని రాసినా, ఏడు విడతల పాత జవాబునే మోడల్ (అడిగినదానికి జవాబు రాసే ఏఐ ప్రోగ్రామ్) అప్పజెప్పడం చూశాం. ఈసారి తప్పు అంత సులువుగా దొరకదు.

రవి, గోపి అని ఇద్దరు. ఒక్కొక్కరూ ఎప్పుడూ నిజమే చెప్పే రకమో, ఎప్పుడూ అబద్ధమే చెప్పే రకమో అయి ఉంటారు. రవి అన్నాడు: "మేమిద్దరం ఒకే రకం." ఎవరు ఏ రకం?

ఊరికే "విప్పు" అంటే ఇలాంటి జవాబు రావచ్చు: రవి నిజం చెప్పాడనుకుంటే గోపి కూడా ఆ రకమే, ఎక్కడా వైరుధ్యం లేదు, కాబట్టి ఇద్దరూ సత్యవంతులే. చదవడానికి నున్నగా ఉంది. కానీ రెండో దారి తొక్కనే లేదు. రవి అబద్ధాలకోరు అనుకోండి. "ఒకే రకం" అన్నది అబద్ధం, అంటే ఇద్దరూ వేరువేరు, గోపి సత్యవంతుడు. ఇదీ కుదిరింది! గోపి సంగతి తేలింది, రవి సంగతి తేలదు.

ఈ ప్రాంప్ట్ (మోడల్‌కు రాసిచ్చే సూచన) ఇచ్చి చూడండి:

"జవాబు చివర్లో రాయి. ముందుగా సాధ్యమైన కలయికలన్నీ పట్టికగా వేయి. ఒక్కో వరుసలో రవి మాట అతని రకానికి సరిపోయిందో లేదో చెప్పు. ఒకటి కంటే ఎక్కువ వరుసలు మిగిలితే ఏది తేలిందో, ఏది తేలలేదో విడిగా రాయి."

జవాబు చివర్లో ఎందుకంటే, మోడల్ ఒక్కో ముక్కా రాసుకుంటూ పోతుంది. రాసేసిన ముక్కల మీదే తర్వాతివి ఆధారపడతాయి. జవాబు ముందే పడితే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు వివరణ అంతా దాన్ని సమర్థించడానికే సరిపోతుంది. మధ్య మెట్లు రాయిస్తే పెద్ద మోడళ్ల లెక్కలు, తర్కం మెరుగుపడతాయని 2022లోనే గూగుల్ పరిశోధకులు చూపించారు. అయితే నా లెక్కలో ఈ ప్రాంప్ట్‌కు ప్రాణం చివరి వాక్యం. "తేలలేదు" అనే వీలు లేకపోతే మోడల్ ఏదో ఒకటి తేల్చేస్తుంది.

సరిచూడటానికి "నిజమేనా?" అని అడగకండి. సరైన జవాబును కూడా క్షమాపణ చెప్పి మార్చేయవచ్చు. కొత్త సంభాషణ తెరిచి, పజిల్‌నూ పట్టికనూ మాత్రమే ఇచ్చి, తప్పున్న వరుస వెతకమనండి.

అభ్యాసం: రవి మాటను "మా ఇద్దరిలో కనీసం ఒకరు అబద్ధాలకోరు" అని మార్చండి. నాలుగు వరుసల్లో ఎన్ని మిగలాలో ముందు కాగితం మీద మీరే చూసుకుని, తర్వాతే మోడల్‌ను అడగండి. వచ్చే పాఠంలో అయిదుగురు వస్తారు. అప్పుడు వరుసలు 32.