అటక మీంచి వాల్వు రేడియో దించారా? ప్లగ్గు మాత్రం పెట్టకండి

గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచే పాత రేడియో కిందికి దించగానే అందరూ చేసే పని ఒకటే. దుమ్ము తుడిచి, "అసలు బతికే ఉందా చూద్దాం" అని ప్లగ్గు పెట్టేస్తారు. నలభై ఏళ్లుగా కరెంటు ముఖం చూడని సెట్టుకి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే పాట కంటే ముందు పొగ వస్తుంది. లోపల వైర్ల మీద రబ్బరు ఎప్పుడో పెళుసెక్కి ఉంటుంది, కరెంటుని చదును చేసే ఫిల్టర్ కండెన్సర్లు లీకవుతుంటాయి, వాటి దెబ్బకి ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మిగతావన్నీ వెతికితే దొరుకుతాయి గానీ, ఆ సెట్టుకి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం మహా కష్టం.

నేను చేసిన ఘనకార్యం ఇంకోటి ఉంది. హైదరాబాద్ నల్లకుంటలో మా తాతయ్య ఇంట్లో దొరికిన సెట్టు విప్పి, వైర్లన్నీ పాడైపోయాయి కదా అని ఒకే ఆదివారం కూర్చుని మొత్తం కత్తిరించి పారేశాను. ఫొటో తీయలేదు. ఏది ఎక్కడికి వెళ్లేదో తెలియక ఆ సెట్టు మళ్లీ రెండు నెలలు అటకెక్కింది. అందుకే చెప్తున్నా, ఒక వైరు తీయండి, దాని చోట కొత్తది వేయండి, ఆ తర్వాతే రెండోదాని మీద చెయ్యి వేయండి. ఫొటోలు పైనుంచి, పక్కనుంచి, దీపం వేసి ఒక యాభై తీసుకోండి, ఎక్కువేం కాదు.

ముందు మీ సెట్టు ఏ రకమో చూడండి, ఎందుకంటే ప్రాణానికి సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. ఛాసీ, అంటే లోపలి రేకు చట్రం మీద బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, వాల్వుల పేర్లు ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84 ఇలా 'ఈ'తో మొదలైతే అది చాలావరకు ఏసీ సెట్టు, వాల్వుల హీటర్లకి, అంటే వాటిని లోపల వేడెక్కించే తీగలకి 6.3 వోల్టులు అందుతుంది. యూసీహెచ్42, యూఎల్41, యూవై41 ఇలా 'యూ'తో మొదలైతే అది ఏసీ-డీసీ సెట్టు. హీటర్లన్నీ దీపాల తోరణంలా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, కరెంటు తీగల్లో ఒకటి తిన్నగా ఛాసీకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఆ రేకంతా ఫేజే. గుబ్బల మరలు వేలికి తగిలినా షాక్ కొడుతుందని ఆ గుంటల్లో మైనం నింపేవాళ్లు. ఇంటి కరెంటుతో నేరుగా కలవకుండా సెట్టుకి కరెంటు ఇచ్చే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఈ రకాన్ని ముట్టుకోవద్దు, మొదటి రిపేరుగా అసలే వద్దు. కింద చెప్పేదంతా ఏసీ సెట్టు గురించే.

సామాన్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే కండెన్సర్లు, రెసిస్టర్లు, వైరు, టంకం లెడ్ అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. మెయిన్ వైరు, హోల్డరు, ప్లగ్గు పక్కనే ట్రూప్ బజార్‌లో. తప్పకుండా కొనాల్సింది 60 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు ఒకటి. ఎల్‌ఈడీ పనికిరాదు. హోల్డర్‌ని ఫేజు వైరులో సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే సెట్టుకి వెళ్లేలా పెట్టి ఒక బోర్డు చేసుకోండి. సెట్టులో ఎక్కడైనా షార్టుంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, రేడియో కాలదు. పెద్ద ఖర్చేం కాదు గానీ ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడేది ఇదే.

లోపల చెయ్యి పెట్టే ముందు, ప్లగ్గు తీసేసినా సరే, ఫిల్టర్ కండెన్సర్లలో ఛార్జి ఉండొచ్చు. 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు చివర్లా క్లిప్పు వైర్లు తగిలించి, కండెన్సర్ ప్లస్ నుంచి ఛాసీకి కాసేపు కలిపి ఉంచి, మల్టీమీటర్‌తో సున్నా చూశాకే ముందుకెళ్లండి. స్క్రూడ్రైవర్‌తో ఠప్పున షార్టు చేసే మెకానిక్కుల్ని చూసుంటారు, మనకొద్దు ఆ సాహసం.

ఇక వైర్లు. పైన గుడ్డ చుట్టిన వైరు చూడటానికి బాగానే ఉంటుంది, లోపల రబ్బరు మాత్రం పొడైపోయి ఉంటుంది. చివర కొద్దిగా వంచి చూడండి, పొడి రాలితే మార్చాల్సిందే. ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్ వాల్వు, స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ వాల్వు కింద ఉన్న వైర్లే వేడికి ముందు పాడవుతాయి. బాగున్న వైరుని మాత్రం వదిలేయండి, అందం కోసం మార్చొద్దు. కొత్త వైరు 600 వోల్టులు తట్టుకునేదై ఉండాలి, టెఫ్లాన్ అయితే సోల్డరింగ్ ఐరన్ తగిలినా కరగదు. హీటర్లకి కాస్త మందం కావాలి, ఎందుకంటే ఔట్‌పుట్ వాల్వు ఈఎల్84 ఒక్కటే 0.76 ఆంపియర్లు లాగుతుంది, అన్నీ కలిస్తే రెండు దాటొచ్చు. ఆ రెండు వైర్లని జడలా మెలేసి ఛాసీ మూలల వెంబడి తీసుకెళ్లండి, లేదంటే స్పీకర్‌లో గుయ్యిమని మోత.

ట్యూనింగ్ గ్యాంగు (స్టేషన్ మార్చేటప్పుడు తిరిగే రేకుల కండెన్సర్), కాయిల్స్ వైపు ఉన్న వైర్లతో ఇంకా జాగ్రత్త. అక్కడ పాత వైరు ఎంత పొడవుందో కొత్తదీ అంతే, ఏ దారిన వెళ్లిందో అదే దారి, నీటుగా ఉంటుందని పక్కకి జరిపారా స్టేషన్లు డయల్ మీద చోటు మారిపోతాయి. ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) కాయిల్స్ ఉన్న డబ్బాల మరలు తిప్పి చూడాలని చెయ్యి దురద పెడుతుంది, తిప్పకండి. పిన్నులు లెక్కపెట్టేటప్పుడు సాకెట్‌ని కిందనుంచి చూస్తూ, ఖాళీ ఉన్న చోటునుంచి గడియారం ముల్లు తిరిగే వైపుకే లెక్క.

ఛాసీ తెరిచారు కాబట్టి మైనం పూసిన పేపర్ కండెన్సర్లనీ మార్చేయండి, వాటి చోట 630 వోల్టుల ఫిల్మ్ రకం. అన్నిట్లోకీ ముఖ్యమైంది ముందు వాల్వు నుంచి సిగ్నల్‌ని ఈఎల్84 రెండో పిన్నుకి, అంటే దాని గ్రిడ్‌కి తెచ్చే కప్లింగ్ కండెన్సర్. అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజీ వచ్చి వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతుంది. కరెంటు తీగల మధ్య కండెన్సర్ ఉంటే మాత్రం మామూలుది వేయకూడదు, ఎక్స్2 అని రాసి ఉన్నదే వేయాలి.

మెయిన్ వైరు మూడు తీగలది వేయండి. ఎర్త్ ఛాసీకి, ఫేజులో 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, రేకు చిల్లు దగ్గర రబ్బరు వాషరు, లోపల వైరు లాగినా ఊడకుండా క్లాంపు. వెనక వోల్టేజీ మార్చే బిళ్ల ఉంటే అన్నిటికంటే పై అంకె మీద పెట్టండి.

మొదటిసారి వాల్వులన్నీ తీసేసి, సిరీస్ బల్బుతో ఆన్ చేయండి. బల్బు వెలగకపోవాలి, లేదా మసగ్గా ఉండాలి. హీటరు పిన్నుల దగ్గర ఏడు వోల్టుల దాకా చూపినా కంగారు పడొద్దు, లోడు లేదు కదా. ఆ తర్వాత వాల్వులు పెట్టి, స్పీకర్ కలిసి ఉందని చూసుకుని మళ్లీ ఆన్. స్పీకర్ లేకుండా నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. బల్బు ఒక్కసారి భగ్గుమని మెల్లగా తగ్గాలి. తగ్గకపోయినా, ఎక్కడైనా ప్లేటు ఎర్రబడినా వెంటనే ఆఫ్. అన్నీ సరిగ్గా ఉంటే అర నిమిషంలో గరగర మొదలవుతుంది. ఒక పావుగంట అలా ఉంచి, ఆ తర్వాతే బల్బు తీసి నేరుగా ఇవ్వండి.

హైదరాబాద్ మీడియం వేవ్ స్టేషన్ 738 కిలోహెర్ట్జ్. డయల్ మీద మీటర్లు రాసుంటే 406 దగ్గర వెతకండి. రాకపోతే సెట్టుని తిట్టేముందు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపి చూడండి. నేను వారం రోజులు కాయిల్స్‌ని అనుమానించాను, తీరా చూస్తే మోతంతా పక్క గదిలో ఛార్జరుది. డాబా మీద కరెంటు తీగలకి దూరంగా ఒక పది గజాల వైరు ఏరియల్‌గా కడితే, చీకటి పడ్డాక ఎక్కడెక్కడి స్టేషన్లూ వినిపిస్తాయి. ఉరుములొస్తే మాత్రం ఆ వైరు పీకేయండి.