చలిలో డీజిల్ క్యాంపర్ వ్యానును వెచ్చగా ఉంచడం, ఉదయాన్నే ఇంజిన్‌ను సిద్ధం చేయడం ఎలా?

లోపలే పడుకునేలా అమర్చిన క్యాంపర్ వ్యానులో, గడ్డకట్టే చలిలో తెల్లవారగానే చాలామంది ఇంజిన్ స్టార్ట్ చేసి అలాగే వదిలేస్తారు. లోపలికి వేడి వస్తుందని ఎదురుచూస్తారు. అరగంట గడిచినా గాలి గోరువెచ్చగానే వస్తుంది. ఇది వ్యానులో లోపం కాదు, డీజిల్ ఇంజిన్ స్వభావమే అంత. పెట్రోలు ఇంజిన్‌తో పోలిస్తే అది ఇంధనాన్ని పొదుపుగా వాడుకుంటుంది, వృథాగా పోయే వేడి తక్కువ. బరువు లాగకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు అది కాల్చే డీజిలే చాలా కొద్ది. ఆ కొద్దిపాటి వేడిని కూడా లోపలికి పీల్చుకునే చల్లగాలి, వందల కిలోల ఇనుము కలిసి లాగేసుకుంటాయి.

అందుకే ఈ రెండు పనులనూ విడదీసి చూడమంటాను. నిలిపి ఉంచిన వ్యానులో మనుషులకు వేడినివ్వడం హీటర్ పని. బండిని నడపడం ఇంజిన్ పని. హీటర్ చేయాల్సిన పనిని ఇంజిన్ మీద పెడితే డీజిల్ ఖర్చవుతుంది, ఇంజిన్ అరుగుతుంది, మనకు మాత్రం వెచ్చదనం దక్కదు. అయితే చాలా వ్యాన్లలో ఈ రెండూ ఒకే ట్యాంకులోని డీజిల్‌తో నడుస్తాయి. కాబట్టి జాగ్రత్త మొదలు కావలసింది అక్కడే.

1. చలి ప్రాంతానికి చేరకముందే: డీజిల్

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. ఉష్ణోగ్రత తగ్గినకొద్దీ ఆ మైనం సన్నని పలుకులుగా మారి డీజిల్ మసకబారుతుంది. ఇంకా తగ్గితే ఆ పలుకులు ఫిల్టర్‌కు అడ్డం పడతాయి. ట్యాంకులో డీజిల్ మొత్తం గడ్డకట్టాల్సిన అవసరం లేదు, ఫిల్టర్ మూసుకుపోతే చాలు, బండి ఆగిపోతుంది. అదే కారణంతో హీటర్ కూడా వెలగకపోవచ్చు. ఇంజిన్, హీటర్ రెండూ ఒకే రాత్రి మొరాయించడం వెనుక చాలాసార్లు ఉండేది ఈ మైనమే.

వేసవిలో అమ్మే డీజిల్, చలికాలంలో అమ్మే డీజిల్ ఒకటి కావు. ఐరోపాలో అమలులో ఉన్న ఈఎన్ 590 ప్రమాణం డీజిల్‌ను చలి తట్టుకునే శక్తిని బట్టి తరగతులుగా విభజిస్తుంది. ఫిల్టర్ గుండా డీజిల్ ఎంత చలి వరకు పారుతుందో అన్నది అందులో కొలత. సాధారణ వాతావరణానికి అది +5 నుంచి -20 డిగ్రీల సెల్సియస్ వరకు, ధ్రువ ప్రాంతాలకు -44 డిగ్రీల వరకు ఉంటుంది. వెచ్చటి ప్రాంతంలో ట్యాంకు నిండా నింపుకుని మంచు కొండలు ఎక్కేవారు చేసే పొరపాటు ఇక్కడే ఉంది. ఇలా చేయండి:

- చలి ప్రాంతానికి చేరేసరికి ట్యాంకులో పావు వంతే మిగిలేలా చూసుకోండి. అక్కడ దొరికే శీతకాలపు డీజిల్‌తో నింపండి.
- నింపిన వెంటనే బండిని ఆపి పడుకోకండి. కొత్త డీజిల్ గొట్టాల్లోకి, ఫిల్టర్‌లోకి చేరేలా పది, పదిహేను కిలోమీటర్లు నడపండి.
- మైనం కట్టకుండా చేసే ద్రావణం వాడదలిస్తే డీజిల్ ఇంకా తేటగా ఉన్నప్పుడే కలపండి. ఒకసారి మైనం కట్టాక అది ఆ పలుకులను కరిగించలేదు.
- డీజిల్‌లో పెట్రోలు కలిపితే సరిపోతుందన్న పాత సలహాను పాటించవద్దు. డీజిల్‌ను అధిక పీడనంతో చిమ్మే నేటి కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పీడనపు పంపుకు డీజిలే కందెన. పెట్రోలు ఆ జిడ్డును తీసేస్తుంది.

మీ వ్యానులో యాడ్‌బ్లూ (ఇంజిన్ పొగను శుభ్రపరిచే ద్రవం) ఉంటే అది -11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. దాని గురించి కంగారు పడకండి. ఆ ట్యాంకును కరిగించే ఏర్పాటు బండిలోనే ఉంటుంది.

2. బ్యాటరీ, ఆయిల్, కూలెంట్

సున్నాకు 18 డిగ్రీలు దిగువన లెడ్ యాసిడ్ బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజిన్‌ను తిప్పడానికి మరింత బలం కావాల్సి వస్తుంది. పాతబడిన బ్యాటరీ వెచ్చటి ఉదయాల్లో బాగానే పనిచేస్తున్నట్టు కనిపించి మొదటి గట్టి చలికే చేతులెత్తేస్తుంది. ప్రయాణానికి ముందే పరీక్ష చేయించండి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినది సున్నాకు కొద్ది డిగ్రీలు దిగువనే గడ్డకట్టి పగిలిపోగలదు.

లోపలి దీపాలకు, హీటర్‌కు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వాడేవారు ఒక సంగతి మరవకూడదు. సున్నా డిగ్రీలకు దిగువన దాని నుంచి కరెంటు తీసుకోవచ్చు, దానికి కరెంటు ఎక్కించకూడదు. ఎక్కిస్తే కణాలు శాశ్వతంగా దెబ్బతింటాయి. కాబట్టి దాన్ని వ్యాను కింద కాకుండా లోపల, మనుషులుండే భాగంలోనే అమర్చుకోవాలి.

ఆయిల్ డబ్బా మీద డబ్ల్యూ అక్షరానికి ముందుండే అంకె చలికి సంబంధించినది. 15డబ్ల్యూ ఆయిల్‌ను -20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను -30 దగ్గర, 0డబ్ల్యూను -35 దగ్గర పరీక్షిస్తారు. మీ ఇంజిన్ పుస్తకం అనుమతించిన వాటిలో తక్కువ అంకె ఉన్నది ఎంచుకోండి. కూలెంట్, నీరు సగం సగం ఉంటే సుమారు -37 డిగ్రీల వరకు గడ్డకట్టదు.

3. రాత్రి: హీటర్

వ్యాన్లలో ఎక్కువగా కనిపించేది డీజిల్‌తో నడిచే గాలి హీటర్. బయటి గాలిని పీల్చి, మూసి ఉన్న గదిలో డీజిల్‌ను కాల్చి, పొగను తిరిగి బయటికే వదులుతుంది. లోపల తిరిగే గాలి ఆ గది వెలుపలి గోడను తాకి వేడెక్కుతుంది, మంటతో కలవదు. అందుకే అది పొడి వేడి. గ్యాసు పొయ్యి వెలిగించి వ్యానును వెచ్చబరచాలనుకునేవారికి చెప్పాలి: కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అదంతా అద్దాల మీద, పరుపు కింద చేరుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. వంటపొయ్యిని వేడి కోసం ఎప్పుడూ వాడకండి.

హీటర్ వెలిగించే క్రమం ఇది:

1. వెలిగించే ముందు కిందికి దిగి హీటర్ పొగగొట్టం, గాలి గొట్టం రెండింటి చుట్టూ మంచు లేకుండా చూడండి.
2. బ్యాటరీ వోల్టేజీ చూడండి. వెలిగే మొదటి నిమిషాల్లో లోపల డీజిల్‌ను అంటించే కడ్డీని ఎర్రగా కాల్చడానికి 12 వోల్టుల హీటర్ దాదాపు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. తర్వాత ఒకటి, రెండు ఆంపియర్లు చాలు.
3. మొదట పది, పదిహేను నిమిషాలు పూర్తి వేగంతో నడిపి తర్వాత తగ్గించండి.
4. ఆపేటప్పుడు స్విచ్చుతోనే ఆపండి. మంట ఆరాక కూడా ఫ్యాను కొన్ని నిమిషాలు తిరిగి వేడిని బయటికి తోస్తుంది. ఆ లోపు బ్యాటరీ కనెక్షన్ తీసేస్తే లోపలి భాగాలు మాడిపోతాయి.

రెండు కిలోవాట్ల హీటర్ గంటకు పావు లీటరు లోపే డీజిల్ తాగుతుంది. ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో, అంటే నిలబెట్టి ఊరికే తిరుగుతూ, ఉంచితే అంతకన్నా ఎక్కువ ఖర్చయినా వేడి మాత్రం తక్కువే దక్కుతుంది. ఇక హీటర్ ఎంపికలో పెద్దది కొంటే మంచిదన్న ఆశ చాలామందిని దెబ్బతీస్తుంది. చిన్న వ్యానులో అయిదు కిలోవాట్ల హీటర్ రాత్రంతా కనిష్ఠ స్థాయిలోనే మూలుగుతూ మసి కట్టుకుంటుంది. మధ్యస్థంగా ఉండి, గోడలకు ఉష్ణ నిరోధక పొర సరిగా వేసిన వ్యానుకు రెండు కిలోవాట్లు సరిపోతాయి. ఎత్తయిన ప్రదేశాల్లో గాలి పలచబడి మసి మరింత పెరుగుతుంది కాబట్టి, 1500 మీటర్లకు పైన తరచుగా ఉండేవారు ఎత్తుకు తగ్గట్టు డీజిల్‌ను తగ్గించుకునే హీటర్ తీసుకోవాలి. వేసవిలో కూడా నెలకోసారి పావుగంట పూర్తి వేగంతో నడపండి.

వేడి పుట్టించడం కన్నా నిలుపుకోవడమే ఎక్కువ లాభం. ముందు అద్దానికి బయటి నుంచి దుప్పటి లాంటి కవరు వేస్తే, లోపల వేసినదానికన్నా బాగా పనిచేస్తుంది. అద్దం వెచ్చగా ఉండి దాని మీద తేమ పట్టదు. డ్రైవరు సీట్ల వెనుక మందపాటి తెర కట్టండి. అయినా పైకప్పు కిటికీని వేలెడు సందు తెరిచే ఉంచండి. ఒక్కో మనిషి శ్వాసలో, చెమటలో రాత్రికి కొన్ని వందల మిల్లీలీటర్ల నీరు బయటికి వస్తుంది. దానికి దారి లేకపోతే ఉదయానికి గోడలు తడిసి ముద్దవుతాయి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం గురించి నేను ఎవరితోనూ రాజీపడను. ఒక రాత్రి ఎడతెగకుండా మంచు కురిసింది. పడుకునే ముందు శుభ్రం చేసిన పొగగొట్టం చుట్టూ గాలికి కొట్టుకొచ్చిన మంచు పేరుకుంది. పొగ బయటికి పోలేక బండి అడుగునే నిలిచి, నేలలోని సందుల గుండా లోపలికి వచ్చింది. మూడు గంటలకు అలారం మోగింది. వాసన ఏమీ లేదు, తల మాత్రం దిమ్ముగా ఉంది. తలుపు తెరిచి బయటికి వచ్చేశాం. అది మోగకపోతే మేం లేచేవాళ్లం కాము. అలారాన్ని తలగడకు దగ్గరగా పెట్టుకోండి. నెలకోసారి మీట నొక్కి పరీక్షించండి. మంచు కురిసే రాత్రి మధ్యలో ఒకసారి లేచి గొట్టం చూడండి.

4. ఉదయం: ఇంజిన్

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సిలిండరు గోడలు మంచులా ఉంటే ఆ వేడిని అవే తీసేసుకుంటాయి. అందుకే సిలిండరు లోపలిని ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్‌లు ఉంటాయి.

వీలుంటే ఇంజిన్‌ను ముందే వెచ్చబరచండి. కరెంటు ఉన్న చోట నిలిపితే, ఇంజిన్‌ను కరెంటుతో వెచ్చబరిచే బ్లాక్ హీటర్‌ను బయలుదేరడానికి రెండు, మూడు గంటల ముందు పెడితే చాలు. రాత్రంతా ఉంచనక్కర్లేదు. కూలెంట్‌ను వేడిచేసే డీజిల్ హీటర్ ఉన్నవారిది అదృష్టం. అరగంటలో ఇంజిన్, ముందు అద్దం రెండూ సిద్ధమవుతాయి.

1. ఇంజిన్ పొగగొట్టం చుట్టూ మంచు తీయండి. దీపాలు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపండి.
2. తాళం తిప్పి, చుట్టలా కనిపించే పసుపు దీపం ఆరేవరకు ఆగండి. గట్టి చలిలో తాళం వెనక్కి తిప్పి మళ్లీ రెండోసారి వెలిగించండి.
3. క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. గేర్‌బాక్సులోని చిక్కటి ఆయిల్ భారం సెల్ఫ్ మోటారు మీద పడదు.
4. పది సెకన్లలో అందుకోకపోతే ఆపి, నిమిషం ఆగి, మళ్లీ ప్రయత్నించండి.
5. స్టార్ట్ అయ్యాక యాక్సిలరేటర్ తొక్కి గర్జించనివ్వకండి. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోకు ఇంకా ఆయిల్ అందలేదు.
6. అర నిమిషం నుంచి నిమిషం వరకు ఆగండి. -20 కన్నా తక్కువైతే రెండు, మూడు నిమిషాలు. అద్దాలు పూర్తిగా తుడిచి కదలండి.
7. నిమిషానికి 2000 నుంచి 2500 చుట్లు దాటకుండా మెత్తగా నడపండి. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని అర్థం. ఆయిల్ ఇంకా వెనుకబడే ఉంటుంది. మరో పది నిమిషాలు ఓపిక పట్టండి.

ఇంజిన్ వేడెక్కేది బరువు లాగినప్పుడే. ఐడ్లింగ్‌లో ఉంచితే సరిగా కాలని డీజిల్ సిలిండరు గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ నిండుతుంది. ఆ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవడానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, అది నిలబడిన బండిలో తేలిగ్గా రాదు. ఒకే చోట నాలుగు రోజులు ఉండేటప్పుడు రోజూ పది నిమిషాలు ఇంజిన్ తిప్పే అలవాటు కూడా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. తిప్పితే అరగంటైనా రోడ్డు మీద నడపండి.

ఎంత దూరం నడిపినా ముల్లు పైకి రాకపోయినా, దిగుడులో పడిపోతున్నా, కూలెంట్ పారడాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. చవకైన భాగమే, మార్పించండి.

5. స్టార్ట్ కాకపోతే

లక్షణాన్ని బట్టి కారణం దొరుకుతుంది. సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీ. మరో బ్యాటరీ నుంచి తీగలు కలిపి చూడండి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ తెల్లటి పొగ వస్తున్నా అందుకోకపోతే గ్లో ప్లగ్‌లను అనుమానించాలి. డీజిల్ చేరుతోంది, అంటుకోవడం లేదు. ఇలాంటప్పుడు ఇంజిన్ త్వరగా అంటుకోవడానికి వాడే ఈథర్ స్ప్రే కొట్టకండి. ఎర్రగా కాలిన గ్లో ప్లగ్ తగిలి అది ముందే పేలి ఇంజిన్‌ను దెబ్బతీస్తుంది.

స్టార్ట్ అయి, రెండు మూడు నిమిషాలు నడిచి, లాగుడు తగ్గి ఆగిపోతే ఫిల్టర్‌లో మైనం చేరినట్టే. ట్యాంకు కింద, గొట్టాల కింద మంట పెట్టవద్దు. ఫిల్టర్ చుట్టూ గుడ్డ చుట్టి వేడినీళ్లు పోయండి, లేదా జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చబరచండి. పెట్టెలో కొత్త ఫిల్టర్ ఉంటే మార్చండి, చేతి పంపుంటే దానితో లైనులోని గాలి తీసేయండి. ఇంజిన్ కొంతసేపు వణుకుతూ తిరిగి సర్దుకుంటుంది. అప్పుడు నేరుగా బంకుకు వెళ్లి శీతకాలపు డీజిల్ నింపండి. పాత డీజిలే మిగిలి ఉంటే, చలి తగ్గని పక్షంలో మర్నాటికి కొత్త ఫిల్టర్ కూడా మూసుకుపోతుంది.