జేబుకత్తి పదును నిలవడం లేదా? స్టీలును తిట్టే ముందు ఇవి చూడండి

"ఈ స్టీలు పదును పట్టదు" అని పక్కన పడేసిన కత్తుల్లో చాలావాటికి స్టీలు బాగానే ఉంటుంది. తేడా నూరడంలో ఉంటుంది. రాయి తడపడం, కత్తిని రెండు చేతులా పట్టుకుని నూరడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. మొదటి చెక్ మాత్రం దాటేయకండి. చాలామంది దాటేసేది దాన్నే.

ఎంతసేపు నూరినా కాగితం కోయడం లేదు

రాయి వాదరను (కోసే అంచును) తాకడమే లేదు. ఫ్యాక్టరీ వాళ్లు ఒక్కో వైపు కోణం 20 డిగ్రీలకు పైగా పెట్టి ఉంటారు, మీరు 15 దగ్గర పట్టి నూరుతుంటారు. అరిగేదంతా ఏటవాలు (వాదరకు దిగే వాలు) పైభాగమే, వాదర మొండిగా అలాగే ఉంటుంది.

నల్ల పర్మనెంట్ మార్కర్‌తో రెండు వైపులా ఏటవాలు మొత్తం పూయండి. మెల్లగా రెండు మూడు సార్లు రాయి మీద నడిపి వెలుతురులో చూడండి. సిరా వాదర దగ్గర మిగిలితే కత్తి వీపును ఇంకాస్త ఎత్తాలి. వాదర దగ్గరే పోయి పైన మిగిలితే దించాలి. వీపు నుంచి వాదరకు 25 మి.మీ. వెడల్పున్న అలుగుకు 15 డిగ్రీలంటే వీపు రాయి నుంచి సుమారు 6.5 మి.మీ. ఎత్తులో ఉంటుంది, 20 డిగ్రీలంటే 8.5. ఆ ఎత్తుకు సరిపడా నాణేలు పేర్చి ఒకసారి చూసుకుంటే చేతికి లెక్క అందుతుంది.

ఒక వైపు పిడి దగ్గర నుంచి మొన దాకా బర్ లేచేవరకు రెండో వైపు తిప్పకండి. బర్ అంటే వాదర అవతలి వైపుకు మడతపడే సన్నటి లోహపు పొర. అది లేవని చోట రాయి ఇంకా వాదరను చేరలేదన్నమాట. సాధారణంగా ఆ చోటు మొన దగ్గరే ఉంటుంది. అలుగు వంపు తిరిగే చోట పిడిని కొద్దిగా పైకెత్తుతూ రావాలి.

రాయి మీద జారిపోతోంది, అరగడం లేదు

స్టీలుకూ రాయికీ పొంతన లేదు. ఎస్30వి, ఎం390 అనే స్టీళ్లలో వనేడియం అనే లోహం సుమారు 4 శాతం, ఎస్90విలో 9 శాతం. అది కార్బన్‌తో కలిసి స్టీలులో కార్బైడ్ అనే గట్టి గుళికలు కడుతుంది, అవి మామూలు సానరాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి. మామూలు సానరాయి ఆ గుళికల చుట్టూ ఉన్న స్టీలును అరగదీస్తుంది కానీ గుళికలను కోయలేదు. ముతక రాయి మీద ఎలాగో సాగుతుంది, నున్నటి రాయి దగ్గరకొచ్చేసరికి పని ఆగిపోతుంది. ఈ స్టీళ్లకు డైమండ్ ప్లేటో సిబిఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) రాయో కావాలి. 420హెచ్‌సి, 8సిఆర్13ఎంఓవి, 14సి28ఎన్, 1095లాంటి స్టీళ్లు ఏ రాయి మీదైనా అరుగుతాయి. వీటితోనూ జారుతోందంటే సెరామిక్ రాయిలో లోహపు పొడి నిండిపోయి ఉంటుంది, సబ్బు పొడి వేసి రుద్ది కడగండి.

కాగితాన్ని వెన్నలా కోస్తుంది, రెండు అట్టపెట్టెలకే మొద్దుబారుతుంది

అందరినీ మోసం చేసేది ఇదే. కత్తి అన్ని పరీక్షలూ పాసవుతుంది కాబట్టి స్టీలు మీద నింద పడుతుంది. నిజానికి మీరు కోసింది వాదరతో కాదు, బర్‌తో.

జరిగేది ఇదీ. బర్ చాలా పలచన, కాబట్టి పదునుగానే ఉంటుంది. దాన్ని తెంచకుండా నున్నటి రాయి మీదకు, అక్కడి నుంచి తోలుపట్టీ మీదకు తీసుకెళ్తారు. తోలు దాన్ని తీసేయదు, నిటారుగా నిలబెడుతుంది. అలా నిలబడ్డ రేకు కాగితం కోస్తుంది, చేతి వెంట్రుకలు గీస్తుంది. అట్ట తగలగానే ఒరిగిపోతుంది, లేదా తెగి పడిపోతుంది. కింద మిగిలేది చదునైన అంచు.

పట్టుకోవడానికి మూడు గుర్తులు. ఒకటి, వెంట్రుకలు ఒక వైపు గీసినప్పుడు తెగుతాయి, కత్తి తిప్పితే తెగవు. రెండు, దీపం కింద వాదరను పైకి పెట్టి అటూ ఇటూ వంచి చూడండి. పూర్తయిన వాదర వెలుగును తిప్పికొట్టదు, బర్ ఉన్నచోట సన్నటి మెరుపు గీత కనబడుతుంది. మూడు, అలుగు పక్క భాగాన్ని గోటి మీద ఆనించి వీపు వైపు నుంచి వాదర దాటేలా మెల్లగా జార్చండి. గీరుకుంటే అక్కడ బర్ ఉంది. రెండు వైపులా, మొత్తం పొడవునా చూడాలి. మధ్యలో చూసి వదిలేస్తే మొన దగ్గర మిగిలిపోతుంది.

తీసే పద్ధతి. రెండు వైపులా బర్ లేపాక, అదే రాయి మీద వైపుకొక్కటి చొప్పున మార్చి మార్చి నూరండి. వాదర ముందుండాలి, రాయి మీద నుంచి పలచటి పొర చెక్కుతున్నట్టు. మొదటి పది మామూలు ఒత్తిడితో, తర్వాతి పది సగంతో, చివరి ఐదారు కత్తి బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా. బర్ పోకపోవడానికి చాలాసార్లు కారణం చివర్లో కూడా గట్టిగా నొక్కడమే. నొక్కితే రేకు తెగకుండా ఆ వైపు నుంచి ఈ వైపుకు పొర్లుతుంది.

అప్పటికీ పోకపోతే వీపును ఇంకో 2 మి.మీ. ఎత్తి, అంటే సుమారు 5 డిగ్రీలు పెంచి, వైపుకు రెండే రెండు సార్లు ఈక తాకినంత తేలిగ్గా నడపండి. రేకు మొదలంటా తెగుతుంది. తర్వాత పాత కోణంలో వైపుకు రెండు మూడు సార్లు. ఆ తర్వాతే నున్నటి రాయి. ప్రతి రాయీ తన వంతు చిన్న బర్ లేపుతుంది కాబట్టి ప్రతి రాయి దగ్గరా ఇదే చెక్ మళ్లీ. తోలుపట్టీ అన్నిటికన్నా చివర, చెక్కకు అతికించిన గట్టి తోలు మీద 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో వైపుకు ఐదు నుంచి పది. మెత్తగా దిగబడే తోలు వాదరను గుండ్రం చేస్తుంది. కొందరు వాదరను చెక్క మీద అడ్డంగా లాగి బర్‌ను పీకేస్తారు. అలా చింపిన చోట అంచు గరుకుగా మిగులుతుంది, మళ్లీ రాయి ఎక్కించాల్సిందే.

అసలు పరీక్ష ఇప్పుడు చేయండి. మెత్తటి చెక్క అంచును అలుగు మొత్తం పొడవుతో ఒకసారి మెల్లగా కోసి, వెంటనే కాగితం కోయండి. ముందులాగే కోస్తే పని అయిపోయింది. చిక్కుకుంటే బర్ ఇంకా ఉందని అర్థం.

రాక్‌వెల్ గట్టిదనపు కొలతలో 56 దగ్గర ఉండే మెత్తటి స్టెయిన్‌లెస్‌లు ఈ విషయంలో మొండివి, రేకు తెగదు, వంగుతుంది. వనేడియం ఎక్కువున్న స్టీలును మామూలు రాయి మీద నూరినా ఇదే బాధ. 58–60 దగ్గరున్న 14సి28ఎన్‌లో బర్ చకచకా తెగిపోతుంది. ఇంట్లోనే పదును పెట్టుకునేవారికి నా ఓటు దానికే. రోజంతా అట్టలు కోసే పని ఉండి, డైమండ్ ప్లేటు కూడా ఉంటే ఎం390 తీసుకోండి. తుప్పు భయం, దెబ్బకు తట్టుకోవడం, పదును నిలవడం మూడూ కావాలంటే 2021లో వచ్చిన మాగ్నాకట్ స్టీలు. ప్లేటు లేకుండా ఎస్90వి కొనడం మాత్రం కోరి తెచ్చుకున్న తలనొప్పి.

కొత్త కత్తి, బర్ లేదు, అయినా పదును నిలవడం లేదు

ఫ్యాక్టరీలో బెల్టు మీద నూరినప్పుడు వాదర చివర వేడెక్కి మెత్తబడి ఉండవచ్చు. రంగు మారినట్టు కనబడకపోయినా ఇది జరిగి ఉండవచ్చు, ఆ రంగు పాలిష్‌లో పోతుంది. ముతక రాయితో మొదలుపెట్టి రెండు మూడు సార్లు పూర్తిగా నూరితే ఆ పొర పోయి మంచి స్టీలు బయటపడుతుంది. అప్పటిదాకా స్టీలు మీద తీర్పు చెప్పకండి.

మిగతావి

వాదర పెచ్చులూడుతుంటే కోణం మరీ సన్నం. డి2 స్టీలులో కార్బైడ్ గుళికలు పెద్దవి కాబట్టి వైపుకు 18–20 డిగ్రీల కంటే తగ్గించవద్దు. ఆ కత్తితో డబ్బా మూతలు పెకిలిస్తుంటే ఏ కోణమూ కాపాడదు. డి2 మీద చుక్కలుగా తుప్పు వస్తే ఆశ్చర్యం లేదు, అందులోని సుమారు 12 శాతం క్రోమియంలో చాలా భాగం కార్బైడ్‌లలోకే పోతుంది. తుడిచి నూనె రాయండి. పిడి దగ్గర వాదర లోపలికి గుంట పడుతుంటే రాయి అంచు మీద అక్కడే ఆగుతున్నారు. హీట్ ట్రీట్‌మెంట్ (స్టీలును కాచి గట్టిపరచడం) లోపం ఉండదని కాదు, అరుదు. పైవన్నీ చేసి, మూడుసార్లు నూరాక కూడా వాదర ఒరిగిపోతుంటే అప్పుడు అనుమానించి, కత్తిని తిరిగి పంపండి.