పెట్రోల్ వాసన వస్తే కారు ఆపేయండి

మా నాయన అంబాసిడర్ కారులో నేనూ అమ్మా కాణిపాకం నుంచి తిరుపతికి వస్తుంటే, పూతలపట్టు దాటాక పెట్రోల్ వాసన గుప్పుమంది. బానెట్ సందుల్లోంచి పొగ! పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, అమ్మను దూరంగా పంపాను. బానెట్ పూర్తిగా ఎత్తలేదు, గాలి తగిలితే మంట ఎగుస్తుంది. కాస్త సందు చేసి, సిలిండర్‌లోని మంటలార్పే డ్రై పౌడర్ కొడితే ఆరింది. మంట పెద్దదైతే కారు వదిలేసి ఫైర్ సర్వీసు నంబరు 101కి ఫోన్ చేసేవాణ్ణి. పెట్రోల్ మంట మీద నీళ్లు మాత్రం పోయొద్దు.

చల్లారాక బ్యాటరీ వైరు విప్పి చూశాను. కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) దగ్గర రబ్బరు పైపు పగిలి, కింద వేడెక్కిన ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) మీద పెట్రోల్ కారింది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలుపుతున్నారు, పాత రబ్బరు దాన్ని తట్టుకోలేదు. ట్యాంకు నుంచి పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంవి వేయించాను, క్లిప్పులతో సహా. పౌడర్ సిలిండర్ కొత్తది డ్రైవర్ సీటు పక్కనే ఉంది, డిక్కీలో కాదు.