గోదావరి వరద కబురు వచ్చినప్పుడు మా లంకలో ఏం చూస్తాం, ఎప్పుడు కదులుతాం

జూలై వచ్చిందంటే హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికి టెన్షన్ మొదలవుతుంది. "నాన్నా, భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఇచ్చేశారంట, ఇంకా అక్కడేం చేస్తున్నారు?" అని ఫోన్. అప్పుడు నేను రేవు మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటాను. ఇంకోరోజు టీవీలో ఏమీ ఉండదు, నేను మాత్రం గేదెల్ని ఏటిగట్టు మీదకు తోలుతుంటాను. వాడికి రెండూ వింతే. వాడికి అర్థమయ్యేలా రాద్దామని మొదలుపెట్టాను. లంకల్లో అమ్మానాన్నలున్న మిగతా పిల్లలకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను. మాది గోదావరి చీలిక అయిన వైనతేయ పాయ పక్క లంక, అంటే గట్లకు లోపల ఏటి నీళ్ల మధ్య ఉన్న ఊరు. నేను ముప్పై ఏళ్లు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద సరంగుగా, అంటే దాన్ని నడిపేవాడిగా చేశాను.

ముందు అంకెలు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దానికి దిగువన, మాకు ఎగువన బ్యారేజీ ఉన్న ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులు. "అక్కడ 43 ఉంటే ఇక్కడ 12 కూడా లేదు, ఇంకేం భయం?" అనేవాళ్లను ఏటా చూస్తాను. అవి రెండు వేర్వేరు కొలబద్దలు, దేని సున్నా దానిదే. కేంద్ర జలసంఘం వాళ్లయితే సముద్రమట్టం నుంచి మీటర్లలో చెబుతారు. ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి పోల్చొద్దు. భద్రాచలం అంకెను నిన్నటి భద్రాచలం అంకెతోనే చూడాలి.

ధవళేశ్వరం దగ్గర అడుగుల కంటే క్యూసెక్కులు చూడటం నాకు అలవాటు. 10 లక్షలకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అంటే 10 లక్షల వరద ఒక్క రోజులో 86 టీఎంసీలు మోసుకొస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ నిండా పట్టేది మూడు టీఎంసీలు కూడా ఉండదు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి వరదలోనూ "గేట్లు ఎత్తేసి మనల్ని ముంచారు" అనేవాడు ఒకడుంటాడు. కాటన్ దొర 1852 నాటికి కట్టిన ఆనకట్ట అయినా, దాని బదులు తర్వాత వచ్చిన ఈ బ్యారేజీ అయినా నీటిని కాస్త ఎత్తుకు లేపి కాలవల్లోకి మళ్లించడానికే. పెద్ద వరదొస్తే 175 గేట్లూ పైకి లేపేస్తారు, వచ్చింది వచ్చినట్టు పోతుంది. బ్యారేజీ మనల్ని ముంచేదీ కాదు, కాపాడేదీ కాదు. కాపాడితే గట్లే కాపాడాలి. లంకలో ఉన్న మనకు ఆ గట్టు కూడా అవతల పక్కే ఉంటుంది.

కాబట్టి చూపు పైకి పెట్టాలి. మన వరదలో పెద్ద వాటా ఉపనది ప్రాణహితది, తర్వాత ఇంద్రావతి. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో మూడు రోజులు ముసురు పట్టిందంటే ఇక్కడ ఎండ కాస్తున్నా నేను తాళ్లు సర్దుకుంటాను. కాళేశ్వరం, పేరూరు, భద్రాచలం, ఈ వరుసలో చూసుకుంటూ రావాలి. భద్రాచలం నీళ్లు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటుగా పడుతుంది. సామాను సర్దుకునే టైము దొరికినట్టే.

ఒక్క మెలిక ఉంది. శబరి అనే ఉపనది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర కలుస్తుంది. భద్రాచలంలో తగ్గుతున్నా శబరి పోటెత్తితే మనకు తగ్గదు. అందుకే "భద్రాచలంలో శాంతించింది" అనే మాట విని సామాను కిందకి దించకండి. కూనవరం కూడా చూసి దించండి.

ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. కేంద్ర జలసంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో ఒక్కో స్టేషన్‌కు ఒక్కో రంగు చుక్క ఉంటుంది. పసుపు అంటే హెచ్చరిక మట్టం దాటింది, నారింజ అంటే ప్రమాద మట్టం దాటింది, ఎరుపు అంటే అక్కడ ఇంతవరకు నమోదైన అత్యధిక మట్టాన్నే మించింది. మాకు నారింజే చాలు, ఎరుపు దాకా ఆగేవాడు లంకలో ఎవడూ ఉండడు. సిగ్నల్ లేకపోతే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి చెయ్యండి.

అంకెతో పాటు దాని టైము రాసుకోండి. ఇది నాకు దెబ్బతిని తెలిసింది. 2022 జూలైలో వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫొటో చూసి ఇంకా సగం రోజు ఉందనుకున్నాను. అది ముందురోజుది, మీద తేదీ లేదు. ఆ రాత్రి రెండు బస్తాల బియ్యం, టీవీ పోయాయి, మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది. అప్పటి నుంచి రూళ్ల నోటు పుస్తకంలో గంట, మట్టం, గంటకు ఎంత పెరిగింది అని మూడు గడులు గీసుకున్నాను. మూడో గడే అసలైనది. పెరుగుదల గంట గంటకూ చిక్కిపోతుంటే పైనుంచి వచ్చేది వచ్చేసినట్టు. పెరుగుదల పెరుగుతుంటే చర్చ అనవసరం, కదలాలి.

ఆ ఏడాది జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులు, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 35 లక్షలు. అప్పుడు నాకు పదిహేడేళ్లు, కొబ్బరి చెట్టు మొవ్వులో కోడిపిల్లల గంప పెట్టి తాడుతో కట్టాం. 2022లో ఇంకో చిక్కు వచ్చింది. జూలై 13న పౌర్ణమి. సముద్రం పోటు మీద ఉంటే ఏటి నీరు త్వరగా లాగదు. క్యూసెక్కులు తగ్గుతున్నాయంటున్నా వాకిట్లో నీరు కదలలేదు. అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో క్యాలెండర్‌లో చూసి, అంకెల పక్కన అది కూడా రాసుకోండి.

ఇప్పుడు సొంత గుర్తులు. ధవళేశ్వరం అంకె మీ వాకిట్లో ఏమవుతుందో ఏ బులెటినూ చెప్పదు. మా రేవులో పన్నెండు మెట్లు. 10 లక్షలకు నీరు ఏ మెట్టు దగ్గర ఉంది, 13కి ఎక్కడ ఉంది అని వరద వరదకూ తెల్ల పెయింట్‌తో గీత పెట్టి అంకె వేశాను. పై మెట్టు దాటాక గుర్తులు పశువుల పాక స్తంభం మీదకు వెళతాయి. మా కాజ్‌వే, అంటే ఏటి పాయ దాటే లోతట్టు రోడ్డు, మొదటి హెచ్చరికకు ముందే మునుగుతుంది. కాబట్టి మందులు వాడేవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లలు కాజ్‌వే మీద నీరు పాదం తడపకముందే దాటిపోవాలి. ఆ తర్వాతంతా పడవే.

పడవ గురించి సరంగుగా ఒక మాట. హెచ్చరిక మట్టాలు ఊళ్ల కోసం పెట్టినవి, పడవల కోసం కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన రోజు నదిలో ఉన్నది ఐదు లక్షల క్యూసెక్కుల ప్రాంతంలోనే, మొదటి హెచ్చరికలో సగం. సుడి లేచే చోట ఐదు లక్షలు చాలు. ఎర్రటి వరద నీరు వచ్చాక దుంగలు కొట్టుకొస్తాయి, చీకట్లో కనబడవు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు, పొద్దు గుంకాక అసలే ఎక్కొద్దు. ఒడ్డుకు చేరుతుండగా అందరూ ఒకేసారి లేచి ఒకే పక్కకు వెళతారు చూడండి, నా సర్వీసులో గుండె జారినవన్నీ అప్పుడే.

గట్టు పక్క ఊళ్లవాళ్లకు వేరే పని ఉంది. వరద నిలిచిన రోజుల్లో గట్టుకు ఊరి వైపు పాదం వెంట నడిచి చూడాలి, ముఖ్యంగా ఎలుక బొరియలున్న చోట, తూముల పక్కన. ఊట కనబడితే దోసిట్లో పట్టి చూడండి. తేటగా ఉంటే కాపలా పెట్టండి. మట్టి రంగులో వస్తుంటే, ఊట చుట్టూ ఇసుక వలయంలా పేరుకుంటుంటే, గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. వెంటనే లస్కర్‌కో (గట్లు, కాలవలు చూసే ఉద్యోగి), జలవనరుల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకో ఫోన్ చెయ్యండి. మట్టి ముద్దలతో దాన్ని మూసెయ్యాలని చూడకండి, ఇంకోచోట పగులుతుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీరు నిలవనివ్వాలి. ఆ నీటి బరువే ఊటను అదుపులో పెడుతుంది, తేట నీరు మెల్లగా పొర్లిపోతుంది.

పంట మునిగితే నీరు ఉండగానే గట్టు మీద నుంచి ఫొటో తీసుకోండి. 33 శాతానికి పైగా దెబ్బతింటేనే ఇన్‌పుట్ సబ్సిడీ (పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) లెక్కలోకి వస్తుంది, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో పేరుందో లేదో ముందే చూసుకుని ఉండాలి.

ఇక నీరు లాగేటప్పుడు. పూర్తిగా పోయాక కడుగుదాం అనుకోవద్దు. ఇంట్లో నీరు మోకాలి కిందకి దిగగానే చీపురు పట్టి, నీటితో పాటే ఒండ్రును గుమ్మం దాకా తోసెయ్యాలి. మంచాల కింద, బియ్యం డబ్బాల వెనక ముందు కర్రతో కదిపి చూడండి, పాములు అక్కడే చేరతాయి. ఒక్క పూట ఆలస్యమైతే ఆ ఒండ్రు గచ్చుకు అతుక్కుపోతుంది, ఆ తర్వాత చీపురు చాలదు, పార పట్టాల్సిందే.