ఫిగర్ స్కేటింగ్ టెస్టుకు ఎలా తయారవ్వాలి? ముందు ఐస్ మీద మీ గీత చూసుకోండి

"మా అమ్మాయికి యాక్సెల్ జంప్ వచ్చేసింది, ఇంక టెస్టు పాసైపోతుంది కదా" అని టెస్టుకు పది రోజుల ముందు అడిగేవాళ్ళను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. పాసవ్వచ్చు, పాసవ్వకపోవచ్చు. యాక్సెల్‌కీ దానికీ సంబంధం లేదు. స్కేటింగ్ స్కిల్స్ టెస్టులో జంపులు అడగరు. ఒంటికాలి మీద, బ్లేడ్‌కున్న రెండు అంచుల్లో (ఎడ్జ్ అంటారు) ఒక్కదాని మీదే, నియమాల్లో ఇచ్చిన బొమ్మలో చూపించిన వంపులో, వేగం చావకుండా వెళ్తున్నారా లేదా అన్నదే చూస్తారు. జంపులు, స్పిన్లు ఫ్రీ స్కేటింగ్ టెస్టులో వస్తాయి, డాన్స్‌కి మళ్ళీ వేరే టెస్టు. నేను చెప్పేది ఆ మొదటిదాని గురించే, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

1. కాగితం

మీ ఫెడరేషన్ ఈ ఏడాది ఇచ్చిన నియమాలు, మీ లెవెల్ ప్యాటర్న్ బొమ్మలు (ఏ అడుగు ఎక్కడ, ఏ వంపులో వేయాలో చూపించేవి) ప్రింట్ తీసుకోండి. ఎవరో సీనియర్ దాచిపెట్టి ఇచ్చిన పాత కాగితం వద్దు. ఇవి మారుతుంటాయి, అమెరికాలో ఏళ్ళ తరబడి మూవ్స్ ఇన్ ద ఫీల్డ్ అన్నవాటికి ఇప్పుడు పేరే స్కేటింగ్ స్కిల్స్ అయింది. ఒక్కో ఐటమ్‌లో జడ్జి ముఖ్యంగా దేన్ని చూస్తారో కూడా చాలాచోట్ల రాసి ఉంటుంది. పవర్ అని ఉన్నచోట మీరు ముచ్చటగా, నెమ్మదిగా చేసి చూపిస్తే లాభం లేదు. ప్యాటర్న్‌ని ఇంట్లో నేల మీద నడిచి బట్టీ పట్టండి. ఐస్ మీద నిలబడి "తర్వాత ఏ కాలు?" అని ఆలోచించడం సమయం దండగ.

2. బూట్లు, బ్లేడ్

బ్లేడ్‌కి సాన వారం, పది రోజుల ముందు పట్టించండి. ముందురోజు పట్టించకండి. నేను ఒకసారి పట్టించాను, వెనక్కి వేసిన మొదటి క్రాసోవర్‌లోనే (ఒక కాలి మీదుగా రెండోది దాటించే అడుగు) బ్లేడ్ ఐస్‌ని కరిచి పట్టుకుంది, ముందుకు తూలాను, ఆ తర్వాత ఐటమ్ మొత్తం భయంభయంగానే చేశాను. కొత్త బూట్లతో టెస్టుకు వెళ్ళకండి. లేసులు కొత్తవి వేసుకుంటే రెండు మూడు సెషన్లు వాటితో తిరిగాకే వెళ్ళండి. బట్టలు ఒంటికి అతుక్కుని ఉండాలి, జుట్టు ముడి వేసి ఉండాలి, వేలాడేది ఏదీ ఉండకూడదు. అంతే, దీని మీద ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు.

3. త్రీ టర్న్, అసలు గొడవంతా ఇక్కడే

లెవెల్ ఏదైనా సరే, త్రీ టర్న్ సరిగ్గా లేకపోతే దాని మీద కట్టినదేదీ నిలబడదు. బ్రాకెట్, రాకర్, కౌంటర్ అని టర్న్‌ల పేర్లు పెరుగుతాయి గానీ జబ్బులు మాత్రం ఇక్కడివే. కాబట్టి ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ఎడమ కాలి మీద, బయటి ఎడ్జ్‌తో ముందుకు వెళ్తున్నారు. అదే కాలి మీద తిరిగి, లోపలి ఎడ్జ్‌తో వెనక్కి వెళ్ళాలి. ఐస్ మీద పడే గీత 3 అంకెలా ఉంటుంది, పేరు అందుకే. మన తెలుగు ౩ కూడా అదే ఆకారం, కాబట్టి గుర్తుపెట్టుకోవడం మనకేం కష్టం కాదు. ఆ 3 మధ్యలో ఉన్న మొన మీరు వెళ్తున్న వలయం లోపలికి చూడాలి. మొనకి ముందు ఒక ఎడ్జ్, మొన దాటాక ఇంకో ఎడ్జ్, మార్పు సరిగ్గా ఆ మొన మీదే జరగాలి. వినడానికి ఇంతే.

చేసేటప్పుడు ఏమవుతుందంటే, తిరగబోతున్నామన్న భయంతో మనిషి ఒక అడుగు ముందే నిటారుగా అయిపోతాడు. నిటారుగా అయ్యాడంటే బ్లేడ్ వంపు మీద నుంచి లేచి రెండు అంచులూ ఐస్‌కి ఆనతాయి, దాన్నే ఫ్లాట్ అంటాం. చూసేవాళ్ళకి టర్న్ అయినట్టే ఉంటుంది, తిరిగాడు, పడలేదు, చేతులు కూడా బాగానే ఉన్నాయి. కానీ అది టర్న్ కాదు, తిరిగి నిలబడటం.

విరుగుడు మోకాల్లోనూ భుజాల్లోనూ ఉంది. మోకాలు వంచి వంపులోకి వెళ్ళండి. తిరగకముందే భుజాలు వలయం లోపలి వైపుకి తిరిగిపోయి ఉండాలి, అంటే కుడి చెయ్యి ముందుకి, ఎడమ చెయ్యి వెనక్కి, తుంటి మాత్రం ఇంకా వెళ్తున్న దిక్కుకే. తర్వాత మోకాలు కొంచెం లేపి, బరువు పాదం ముందు భాగం మీదకి తెచ్చి (బ్లేడ్ ముందు కొసనున్న పళ్ళు, అంటే టో పిక్ మీదకి కాదు, దయచేసి), భుజాల్ని అక్కడే ఆపేసి, నడుము కింద భాగాన్ని తిరగనివ్వండి. తిరగాల్సింది కింది సగం, పై సగం కాదు. తిరిగాక మోకాలు మళ్ళీ వంగాలి, భుజాలు ఆగే ఉండాలి, దీన్నే చెక్ అంటారు. చెక్ లేకపోతే తిరుగుడు ఆగదు, ఇంకో పాదం కింద పెట్టేస్తారు, జడ్జి పెన్ను కదులుతుంది.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది? అందరూ ఫోన్‌లో వీడియో తీయిస్తారు. నేను తీయనివ్వను. వీడియోలో చేతులు, మొహం, గౌను అన్నీ కనిపిస్తాయి, ఎడ్జ్ తప్ప. ఐస్ కొత్తగా వేశాక అందరికన్నా ముందు వెళ్ళండి, ఒక్క త్రీ టర్న్ చేయండి, ఒక్కటే, ఆగండి, వెనక్కి వచ్చి వంగి చూడండి. గీత సన్నగా, ఒంటిగా ఉంటే ఎడ్జ్ మీద ఉన్నట్టు. మొన దగ్గర పడేలోపే పక్కపక్కన రెండు సన్న గీతలు రైలు పట్టాల్లా కనిపిస్తే ఫ్లాట్ అయ్యారు. గీత మొనకి ముందు అవతలి వైపుకి వంకర తిరిగితే ఎడ్జ్ ముందే మార్చేశారు. మొన దగ్గర గీతే లేకపోతే ఎగిరారు. తెల్లగా వెడల్పుగా పులిమినట్టుంటే జారారు. కోడి గీరినట్టు గీతలుంటే టో పిక్. ఇంత వివరంగా ఏ కోచ్ చెప్తారండీ?

ఇది నేను కనిపెట్టింది కాదు. ఫిగర్ స్కేటింగ్ అన్న పేరులో ఫిగర్ అంటేనే ఐస్ మీద గీసిన ఆకారం. 1990 ప్రపంచ పోటీల దాకా స్కేటర్లు ఐస్ మీద వలయాలు గీస్తే జడ్జీలు దగ్గరికొచ్చి వంగి ఆ గీతలు చూసి మార్కులు వేసేవాళ్ళు. 1972 ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా అమ్మాయి బెయాట్రిక్స్ షూబా ఫ్రీ స్కేటింగ్‌లో ఏడో స్థానంలో ఉండి కూడా స్వర్ణం గెలిచింది, ఫిగర్స్‌లో తెచ్చుకున్న ఆధిక్యం అంత పెద్దది మరి. టీవీలో చూసేవాళ్ళకి అది అర్థం కాలేదు, తర్వాత ఫిగర్స్ విలువ తగ్గించుకుంటూ వచ్చి చివరికి తీసేశారు. తీసెయ్యడం మంచిదే అంటారు చాలామంది. నేను అనను.

రోజుకి ఇరవై టర్న్‌లు చాలు, కానీ ఇరవై గీతలూ చూడాలి. చూడకుండా చేసే రెండొందలు తప్పుని అలవాటు చేసుకోవడమే.

4. చేతకాని వైపు

అందరికీ ఒక వైపు బాగా వస్తుంది. రెండో వైపు "అదే వస్తుందిలే" అనుకుంటారు, రాదు. రోజూ చేతకాని వైపుతోనే మొదలుపెట్టండి, మంచి వైపుకి ఎన్ని చేస్తే, ఈ వైపుకి దానికి రెట్టింపు. వాదించకండి.

5. ఉత్తుత్తి టెస్టు

కనీసం మూడుసార్లు చేయండి. నాలుగు నిమిషాలు వార్మప్, తర్వాత ఐస్ దిగి పది నిమిషాలు ఊరికే కూర్చోండి, కాళ్ళు చల్లబడనివ్వండి. ఇది ఎవరూ చేయరు, అసలు రోజున మాత్రం మీ పేరు పిలిచేదాకా అలాగే కూర్చోవాలి. తర్వాత ఎక్కి ప్రతి ఐటమ్ ఒక్కసారే. తడబడితే ఆగి మొదటి నుంచి మొదలుపెట్టడం లేదు, "సారీ" అనడం లేదు, నాలుక బయటపెట్టడం అసలే లేదు. తప్పు తర్వాతి అడుగు ఎలా వేశారన్నది కూడా జడ్జికి కనిపిస్తుంది.

టెస్టు వేరే రింక్‌లో అయితే కొలత కనుక్కోండి. కొన్ని 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటాయి, ఉత్తర అమెరికా హాకీ రింకులు దాదాపు అంతే పొడవు గానీ వెడల్పు 26 మీటర్లే. వెడల్పు మారితే మీ వలయాలు గోడకి తగులుతాయి, లేదా మధ్యలోనే అయిపోతాయి.

6. ఆ రోజు

వార్మప్‌లో రాని టర్న్‌ని పదిసార్లు ప్రయత్నించకండి, ఆ పూట కొత్తగా రాదు, టెన్షన్ మాత్రం వస్తుంది. రెండు రౌండ్లు స్ట్రోకింగ్ (మామూలుగా కాలితో తోసుకుంటూ వెళ్ళడం), ప్రతి ఐటమ్‌లో మొదటి కొన్ని అడుగులు, అంతే. ఏ చోట నుంచి మొదలుపెట్టాలో గోడ మీద ఒక గుర్తు చూసిపెట్టుకోండి.

పాసవ్వకపోతే అమెరికాలో ఫెయిల్ అని రాయరు, రీట్రై అని రాస్తారు. మార్కుల కాగితం ఇస్తే జడ్జి రాసింది చదివి, ఆ వారంలోనే ఖాళీ ఐస్ చూసుకుని మీ గీతతో పోల్చండి, నూటికి తొంభైసార్లు ఇద్దరూ ఒకటే చెప్తారు. ఒక్కోసారి పాస్‌కి కొద్దిలో ఉంటే అక్కడే ఒక ఐటమ్ మళ్ళీ చేయమని అడుగుతారు, రీస్కేట్ అంటారు. ఊపిరి పీల్చుకుని, ఏది అడిగారో, ఏ కాలితోనో పూర్తిగా విని వెళ్ళండి. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి సంబరంలో సగం విని పరిగెత్తి, అడగని కాలితో అద్భుతంగా చేసి వచ్చింది.